మరిడమ్మ బోర్లించిన కుండ

అన్యాయం జరిగింది పొడల పెట్ట మరిడమ్మకి. జరిగింది ఆషాఢ బహుళ పంచమి, బుధవారం, మిట్టమధ్యాహ్నం. ఆవిడకున్న ఏడు పిల్లల్లో మూడోది, మెడ మీద తెల్ల మచ్చ ఉన్నది, పశువుల పాక చూరు కింద నుంచి మాయమైపోయింది. అప్పుడు తల్లి అక్కడికి ఇరవై అడుగుల దూరంలోనే ఉంది. ఇంకొకరి గుడ్ల మీద కూర్చుని ఉంది.

ఈ ఆఖరి మాట దగ్గరే దొడ్డి దొడ్డంతా ముక్కున వేలేసుకుంది. వేళ్లు లేనివాళ్లు కూడా వేలేసుకున్నారు. కన్న పిల్లల్ని గాలికొదిలి పరాయి గుడ్లు పొదుగుతుందా ఏ తల్లయినా అన్నారు. ఆవిడ ఎందుకు కూర్చుందో తెలియనివాళ్లు ఆ దొడ్లో ఒక్కరూ లేరు. అయినా అన్నారు.

ఎందుకంటే, బాతులకి పొదగడం చేతకాదు. గుడ్డు పెట్టడం వరకే వాళ్ల పని. ఆ తర్వాత ఇరవై ఎనిమిది రోజులు కదలకుండా కూర్చుని, వేడి తగ్గకుండా, గుడ్లు తిప్పుతూ, వాటిని పిల్లలుగా చేసేది కోడే. ఏ దొడ్లోనైనా ఇదే వాడుక. కాలవ బాతు పేరమ్మగారు పదకొండు గుడ్లు పెట్టి, పొదగడానికి మనిషి కావాలని కబురు పెట్టినప్పుడు, మరిడమ్మ మొగుడు డేగ పుంజుని కాళ్లు కట్టి సంతకి పట్టుకెళ్లి అప్పటికి నెల. కళ్లం ఊడ్చేసి రెండు నెలలు. ఎక్కడా గింజ లేదు. ఏడు నోళ్లు మాత్రం ఉన్నాయి. పేరమ్మగారిచ్చే కూలి రోజుకి రెండు గుప్పిళ్ల నూకలు, తవుడు అంటుకున్న ఎర్ర నూకలు. మరిడమ్మ పాక మూల గంపలో కూర్చుంది.

కూర్చున్నాక రోజుకి రెండేసార్లు లేవచ్చు. తెల్లవారుతూ ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి. గుడ్లు చల్లారేలోపు వచ్చి పడాలి. ఆ కాస్త సేపట్లోనే తను నీళ్లు తాగాలి, రెక్కలు దులుపుకోవాలి, పెంటకుప్ప గీకి ఏడుగురికి పురుగులు చూపించాలి, ఆకులు చూపించాలి, ఏది తినాలో ఏది తినకూడదో చెప్పాలి. రెండో రోజుకే ఆవిడ కాళ్లు పెంటకుప్ప దాకా వెళ్లనన్నాయి.

మూడో రోజు పొద్దున్నే, కంచె కింద తాను తవ్వుకున్న కంతలోంచి మూతి పెట్టి, నక్క గవర్రాజు పలకరించాడు.

"చెల్లెమ్మా, నిన్ను చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. నువ్వు తవ్వక్కర్లేదు, గీకక్కర్లేదు, పిల్లల వెంట పడక్కర్లేదు. నీ నూకలు నాకియ్యి. దంచి, జల్లించి, బెల్లం మడ్డి కలిపి తెల్లటి ఉండలు చేసి తెస్తాను. మింగడమే తరువాయి."

"నువ్వు నక్కవి కదా" అంది మరిడమ్మ.

"ఉండేవాణ్ణి. పళ్లు కదిలాక అన్నీ మానేశాను. చూడు." పంటి మీద గోరు పెట్టి కదిపాడు. పన్ను కదల్లేదు. అది గమనించేంత తీరిక ఆవిడకి లేదు, లోపల గుడ్లు చల్లారుతున్నాయి.

ఇంకో మాట కూడా చెప్పాడు. పిల్లలు ఎదుగుతున్నాయో లేదో ప్రతి మంగళవారం తానే తూకం వేస్తానని, తూకానికి చిల్లి గింజ కూడా పుచ్చుకోనని. తాటాకు బుట్ట ఒకవైపు, గులకరాళ్లు ఒకవైపు కట్టిన చిన్న తక్కెడ కూడా చూపించాడు. తన పిల్లల గురించి ఇంత పట్టించుకున్నవాళ్లు ఆ మధ్య కాలంలో ఎవరూ లేరు. మరిడమ్మ నూకలిచ్చేసింది. అంటే ఏమైందో చెబుతాను. ఆవిడ కూలి గింజల్లో బలమున్న తవుడంతా జల్లెడలో పోయింది, మిగిలిన పిండికి పాకం మడ్డి పులిమి అదే ఆవిడకి తిరిగొచ్చింది. దానికి ఆవిడ రోజూ పొద్దున గవర్రాజుకి నమస్కారం కూడా పెట్టింది.

పిల్లలకి ఉండలు నచ్చాయి. ఎందుకు నచ్చవు? తియ్యగా ఉంటాయి, నమలక్కర్లేదు, వెతకక్కర్లేదు. మూడు పూటలు తిని చూరు కింద కునికేవి. గీకడం మానేశాయి. కోడిపిల్ల రాళ్లు మింగుతుంది, తిన్నది అరగడానికి కడుపులో ఆ రాళ్లే తిరగలి. మెత్తటి పిండికి తిరగలితో పనేముంది, అది కూడా మానేశాయి. బరువు మాత్రం పెరిగాయి. గవర్రాజు రోజూ ఉండలిస్తూ ఒక్కోదాన్ని చేత్తో ఎత్తి చూసి, "చూశావా చెల్లెమ్మా, పిల్లలంటే ఇలా ఉండాలి" అనేవాడు.

మరిడమ్మకి కనబడలేదా? కనబడింది. కళ్లు మందగించడం కనబడింది, కాళ్లు ఎడం పెట్టి బాతుల్లా నడవడం కనబడింది, పిలిస్తే ఒకప్పుడు ఎగిరి వచ్చేవి, ఇప్పుడు వంతులేసుకుని రావడం కనబడింది. తల్లికి చూడ్డానికి తీరిక అక్కర్లేదు. చూసినదాన్ని సరిచెయ్యడానికే కావాలి.

పంచమికి ముందు రోజు మంగళవారం. మూడో పిల్ల ఏడు రాళ్లకి తూగింది. గవర్రాజు దాన్ని బుట్టలోంచి తీస్తూ తొడలు రెండుసార్లు నొక్కి చూశాడు. మర్నాడు మధ్యాహ్నం అది లేదు.

మరిడమ్మ విన్నది ఒక్క చిన్న కూత. గంపలోంచి దూకి పరిగెత్తింది. చూరు కింద ఆరు పిల్లలు నిద్రమత్తులో ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి. ఆవిడ దొడ్డంతా తిరిగింది, కంచె పొడవునా తిరిగింది, పిలిచింది, మళ్లీ పిలిచింది. ఇంతలో వెనకనించి పేరమ్మగారి గొంతు.

"ఏమే మరిడీ, గుడ్లు చల్లారిపోతున్నాయి. నీ ఇంటి గొడవలు నీ వేళలో చూసుకో."

మరిడమ్మ వచ్చి కూర్చుంది. పేరమ్మగారు గంప పక్కనే నిలబడి, మనసు మంచిదే కాబట్టి, హితవు చెప్పారు. పిల్లలకి పిండి ఉండలు పెట్టకూడదన్నారు. పొద్దున్నే పురుగు పెట్టాలి, మధ్యాహ్నం ఆకు పెట్టాలి, వాళ్లతో పాటు కూర్చుని తినాలి, నిదానంగా తినాలి, మా పిల్లలకైతే నేను నత్తలు తప్ప ముట్టనివ్వనన్నారు. మీ పిల్లలు ఇదిగో నా కింద ఉన్నారు కదమ్మా అని మరిడమ్మ అనలేదు. అనడానికి ఒంట్లో ఓపిక లేదు, నూకలు పోగొట్టుకునే ధైర్యమూ లేదు.

సాయంత్రం గవర్రాజు పరామర్శకి వచ్చాడు. గద్ద పనే అన్నాడు. ఈ గద్దలకి జాలి లేదన్నాడు. మిగిలినవాటికైనా బలం రావాలని తలో ఉండ ఎక్కువ పెట్టి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడు.

ఆ పాకలోనే కట్టేసి ఉండే ఎర్రెద్దు సింహాద్రి, మధ్యాహ్నం మేత వేళ తప్ప పొద్దుటినించి దమ్ము చేసిన పొలంలో తిరిగి, మోకాళ్ల దాకా బురదతో, నెమరేస్తూ ఇదంతా విన్నాడు. ఆయన ఏ మాటైనా నాలుగుసార్లు నెమరేసి గానీ బయటపెట్టడు. గవర్రాజు వెళ్లి చాలాసేపయ్యాక అన్నాడు.

"గద్ద కాదమ్మాయ్."

"నువ్వు చూశావా బాబాయ్?"

"చూళ్లేదు. గాడిలో తల పెట్టి ఉన్నాను. అదే నా తప్పు. కానీ అప్పుడు నా వీపు మీద రెండు కాకులు గోమార్లు ఏరుతున్నాయి. గద్ద నీడ పడితే కాకులు ఊరుకుంటాయా? ఊరంతా ఏకం చేస్తాయి. అవి కదల్లేదు."

మరిడమ్మ చూరు వైపు చూసింది.

"పైగా పిల్ల ఉన్నది చూరు కింద" అన్నాడు సింహాద్రి. "పైనుంచి వచ్చేవాడికి అది కనబడదు. కిందనుంచి వచ్చేవాడికి కనబడుతుంది."

ఆవిడ అప్పుడు లేచి కంచె దగ్గరికి వెళ్లింది. కంత అంచున ముల్లుకి చిన్న తెల్ల ఈక ఒకటి వేలాడుతోంది. దాన్ని తియ్యలేదు. తిరిగొచ్చి గుడ్ల మీద కూర్చుని, వాడు తూకం ఎవరి కోసం వేస్తున్నాడో, ఆ తొడలు ఎందుకు నొక్కాడో, అన్నీ ఒక్కొక్కటిగా లెక్కవేసుకుంది. ఏడవడానికి కూడా మనిషి కాస్త విశ్రాంతిగా ఉండాలి. ఆవిడ ఏడవలేదు.

"రేపటినించి ఉండలు వద్దంటాను" అంది చివరికి.

"అంటే వాడికి తెలిసిపోతుంది. కుక్క మధ్యాహ్నం అన్నం క్యారియరు వెంట పొలం వెళ్తుంది. నువ్వు గంపలో ఉంటావు. నన్ను మేతకి తెచ్చి గుంజకి కడతారు. ఆరుగురూ నాలుగడుగులు పరిగెత్తలేరు. ఎల్లుండికల్లా వాడు ఊడ్చేస్తాడు."

"అయితే వీళ్లు పరిగెత్తాలి."

"పరిగెత్తాలంటే తినాలి."

"ఏం పెట్టను బాబాయ్? ఎప్పుడు పెట్టను?" ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఆవిడ గొంతు లేచింది. "అందరూ ఏం పెట్టాలో చెబుతారు. ఎప్పుడు పెట్టాలో ఒక్కరూ చెప్పరు."

సింహాద్రి మళ్లీ చాలాసేపు నెమరేశాడు. దూడగా ఉన్నప్పుడు తాను మెట్ట ఊళ్లో పెరిగానని, అక్కడొక ముసలమ్మ ఇరవై కోడిపిల్లల్ని సాకేదని, ఆమెకి గింజ కొనే స్తోమతా లేదు, పిల్లల వెంట తిరిగే కాళ్లూ లేవని చెప్పాడు. ఆమె చేసేదల్లా ఒకటే. పగిలిన కుండలో పేడ, తడిపిన గడ్డీ కూరి, నీడలో నేల మీద బోర్లించేది. రాత్రి గడిచేసరికి కుండ నిండా చెదలు.

"చేసేది నువ్వు కాదు, చెదలే చేసుకుంటాయి. పొద్దున కుండ ఎత్తు, పిల్లల్ని వదులు, నువ్వూ తిను, మళ్లీ కూరి బోర్లించు. నీళ్లు తాగినంత సేపు పట్టదు. పేడకి కొదవ లేదు, గడ్డి నా గాట్లోదే తీసుకో. కుండ నేను కొమ్ముతో ఎత్తుతాను."

పాక వెనక అంచు పగిలిన పాత కుడితి కుండ ఉంది. ఆ సాయంత్రమే దాన్ని గాడి పక్కన బోర్లించారు.

తెల్లవారుతూ ఆయన కొమ్ము పెట్టి కుండ ఎత్తితే, లోపల తెల్లగా, పుష్టిగా, జిలజిలమంటూ వేల చెదలు. మరిడమ్మ ఆరుగురినీ పిలిచింది. ఆరూ వచ్చి చూసి ఒకడుగు వెనక్కి వేశాయి.

"అమ్మా, ఇది కదులుతోంది" అంది పెద్ద పిల్ల.

"కదిలేదే తిను. నువ్వూ కదులుతావు."

"ఉండ కావాలి."

"మూడోది కూడా ఉండే తింది" అంది మరిడమ్మ. తానే ముందు ముక్కు దించి పొడిచింది. తల్లితో కలిసి తిని ఆ పిల్లలకి చాలా రోజులైంది. అది చూసి చిన్నది వచ్చి పక్కన నిలబడి ఒకటి పొడిచింది. మొహం వికారంగా పెట్టింది. రెండోది పొడిచింది. తర్వాత మొహం పెట్టడానికి తీరిక లేకపోయింది.

ఇదేదో ఒక్కరోజులో తేలిపోయిందని చెబితే నేను అబద్ధమాడినట్టే. వారం రోజులు అలిగాయి. ఒకటి ఉండల కోసం కంచె దగ్గరికి పాకుతుంటే పట్టుకొచ్చి తల మీద పొడవాల్సి వచ్చింది. ఒకటి అమ్మ పిసినారిదని పేరమ్మగారికి చాడీ చెప్పింది. మరిడమ్మ అన్నీ పడింది. తెల్లవారుతూ కుండ. తర్వాత నీళ్ల తొట్టి పక్కన తనంతట తానే మొలిచే పొన్నగంటి ఆకు, ఎంత తెంపినా అడిగేవాడు లేడు. సాయంత్రం లేచినప్పుడు ఇంకో పని పెట్టింది. తాను ఒక రకంగా కూత వేస్తే, ఎక్కడున్నవాళ్లు అక్కడినించి ఎగిరి సింహాద్రి బాబాయి వీపు మీద వాలాలి. మొదటి రోజు ఆరూ ఆయన డెక్కల దగ్గర పడ్డాయి. ఐదో రోజు రెండు తోక దాకా వెళ్లాయి. పగలంతా పొలంలో నలిగొచ్చిన ఆయన, కళ్లు మూసుకుని, ఆరుగురూ గోళ్లతో గీకుతుంటే కిమ్మనకుండా నిలబడేవాడు.

గవర్రాజు ఉండలు మాత్రం మానలేదు. ఆవిడ నూకలిచ్చేది, నమస్కారం పెట్టేది, ఉండలు పుచ్చుకునేది. వాడు అటు తిరగ్గానే వాటిని తీసుకెళ్లి, వాడి కంతకి లోపలివైపున, కంప కింద కుక్కేది. బెల్లం మడ్డి వాసనకి ఎర్రచీమలు రెండో రోజే వచ్చాయి. పదో రోజుకి అక్కడ పుట్ట పెట్టాయి. తన కూలి సగం అలా చీమల పాలవుతుంటే చూసి ఆవిడ కడుపు మండేది. అయినా పెట్టేది.

ఆమధ్య వచ్చిన మంగళవారాలు రెండు. మొదటి తూకానికి పిల్లలు కాస్త తగ్గాయి. గవర్రాజు మొహం మాడ్చుకుని, దిగులు పడి తినడం లేదేమో అని ఇంకో ఉండ పెంచాడు. రెండో మంగళవారానికి పిల్లలకి చెదలు అరగాలి, ఆకు అరగాలి. కోడి పిల్లలకి అది ఎవరూ చెప్పక్కర్లేదు. మళ్లీ రాళ్లు మింగడం మొదలుపెట్టాయి. ఆ పొద్దున మరిడమ్మ వాటిని కాలిబాట పక్కన ఇసుకలో వదిలి, ఇంకో నాలుగు మింగండి, ఇంకో రెండు, అని దగ్గరుండి మింగించింది.

తక్కెడలో ఒక్కోటీ ఎనిమిది రాళ్లకి తూగింది. అటువైపూ రాళ్లే, ఇటువైపూ రాళ్లే. జన్మలో ఒక్క రాయి మింగనక్కర్లేని జాతి గవర్రాజుది. వాడికి ఆ ఊహ ఎలా వస్తుంది? ఈకల మీద నుంచి తొడ నొక్కి చూశాడు. గట్టిగా తగిలింది.

"బాగా గట్టిపడ్డాయి చెల్లెమ్మా" అన్నాడు.

"అంతా నీ చలవే అన్నయ్యా" అంది మరిడమ్మ.

శనివారం మధ్యాహ్నం. కుక్క క్యారియరు వెంట పొలానికి పోయింది. గంపలో పేరమ్మగారి గుడ్లు లోపలినించి టిక్కు టిక్కుమని కొట్టుకుంటున్నాయి, మర్నాడు పగలాలి. ఈ పూట లేచి చల్లార్చిందా, ఇరవై ఏడు రోజుల కూర్చోవడం మట్టిలో కలిసినట్టే. గంప అంచు మీదుగా మరిడమ్మకి కంచె కనబడుతూనే ఉంది. ముందు ముల్లు కదిలింది. తర్వాత మూతి. వాడు చీమల పుట్ట తొక్కుకుంటూ లోపలికి పాకాడు. చీమలకి విషయం అర్థమయ్యేలోపు దాటేశాడు. చూరు కింద ఆరు పిల్లలు కళ్లు మూసుకుని వరసగా పడుకుని ఉన్నాయి. వాడు తీరిగ్గా, వరసలో మొదటిదాన్ని ఎంచుకుని, ఒళ్లు విరుచుకుని దూకాడు.

మరిడమ్మ ఒక్క కూత వేసింది.

వాడి పంజా నేలకి తగిలేసరికి అక్కడ ఒక్క ఈక కూడా లేదు. ఆరూ సింహాద్రి వీపు మీద ఉన్నాయి. చిన్నది ఒక్కటి పట్టు తప్పి మెడ మీదికి జారి, మళ్లీ ఎగిరి పైకెక్కింది. గవర్రాజు ఎనిమిదేసి రాళ్ల పిల్లలు గాల్లోకి ఎలా లేచాయో అర్థంకాక నోరు తెరుచుకుని ఎద్దు కడుపు కిందికి దూరాడు. సింహాద్రి వెనక కాలు ఎత్తాడు. ఆయన జీవితంలో ఎవర్నీ తన్నినవాడు కాదు. నిదానంగానే తన్నాడు. గవర్రాజు వెళ్లి కంచె దగ్గర పడ్డాడు.

వచ్చేటప్పుడు వాడు కదిపిన చీమలు ఈలోపు సిద్ధంగా ఉన్నాయి. కంతలోంచి దూరాలంటే కంపకి ఒళ్లు చీరుకోకుండా మెల్లగా పాకాలి. మెల్లగా పాకితే చీమలు. తొందరపడితే ముళ్లు. పదిహేడు రోజులు తాను పోసిన బెల్లం మడ్డి తిని బలిసిన చీమలన్నీ వాడి మూతికీ, చెవులకీ, తోక కిందా పట్టాయి. సగం బయట, సగం లోపల ఇరుక్కుని, పాకలోకి వినబడేలా మొరపెట్టుకున్నాడు.

"చెల్లెమ్మా, ఇంత మోసమా? నా ఉండలు ఏం చేశావు?"

"తినేవాళ్లకే పెట్టాను" అంది మరిడమ్మ. గంపలోంచి లేవలేదు. తల కూడా తిప్పలేదు.

వాడు సగం తోక కంపకి వదిలేసి పోయాడు. తక్కెడ కంచె అవతల పడిపోయింది. ఆ తర్వాత ఆ దొడ్డి వైపు రాలేదు. ఇంకో ఊళ్లో, ఇంకో అలిసిపోయిన తల్లి దగ్గర, ఇంకో తక్కెడ కట్టి ఉంటాడు.

గోల విని పేరమ్మగారు కాలవలోంచి హడావిడిగా వచ్చి ముందు గుడ్లు తడిమి చూశారు. వెచ్చగా ఉన్నాయి. తర్వాత ఎద్దు వీపు మీద నిలబడి రెక్కలు టపటపలాడిస్తున్న పిల్లల్ని చూసి, చూశావా మరిడీ, నేను చెప్పినట్టు పెడితే ఎలా తయారయ్యారో అన్నారు.

మరిడమ్మ అవునమ్మగారూ అంది. కళ్లు మూతలు పడుతున్నాయి. సాయంత్రం లేచి కుండలో గడ్డి తడపాలి. పిల్లల పేర్లు పెద్దదాన్నించి వరసగా పిలిచి చూసుకుంది. మూడో పేరు దగ్గర ఆగి, దాన్ని కూడా పిలిచి, తర్వాతి పేరుకి వెళ్లింది.

నీకు తీరిక లేదని జాలిపడి తిండి తెచ్చేవాడు నీ పిల్ల బరువు ఎందుకు చూస్తున్నాడో ముందు అడుగు.

శ్రావణ శుద్ధ సప్తమి, శనివారం. పిల్లలు ఆరు.